సామరస్యంగా ముగిసిన రక్తపిశాచాల తగాదా

స్టెఫనీ మేయర్ రాసిన రక్తపిశాచాల ప్రేమకథ ‘ట్వైలైట్’ను ముగించిన నాలుగో నవల ‘బ్రేకింగ్ డాన్’ 2008 ఆగస్టు 2న వచ్చింది. అమెరికాలో తొలిరోజే 13 లక్షల ప్రతులు అమ్ముడయ్యాయి. అంతమంది పాఠకులకు జరిగిన అన్యాయంపై ఇన్నేళ్లయినా ఒక్క విచారణ కమిషన్ కూడా వేయకపోవడం శోచనీయం.

అన్యాయం ఏమిటంటే, ఎవరికీ ఏ అన్యాయమూ జరగలేదు.

కథానాయిక బెల్లాకు రక్తపిశాచి ఎడ్వర్డ్‌తో పెళ్లయింది. బ్రెజిల్ తీరంలో అత్తగారి సొంత దీవిలో హనీమూన్ అయింది. పాప పుట్టింది. చచ్చి రక్తపిశాచమై లేచేసరికి అందం ఇంకా పెరిగింది. కొత్త పిశాచాలకు రక్తం వాసన తగిలితే ఒళ్లు తెలీదని అన్నాళ్లూ మనల్ని బెదరగొట్టారు కదా, ఈవిడ మాత్రం మొదటి వేటలోనే మనిషి వాసన సోకితే ఊపిరి బిగబట్టి దూరంగా పరిగెత్తింది. విశ్వామిత్రుడికే లేని నిగ్రహం!

పాపకు అమ్మమ్మ రెనే, నాయనమ్మ ఎస్మేల పేర్లు కలిపి రెనెస్మే అని పెట్టారు. వియ్యపురాళ్లిద్దరిలో ఎవరూ అలగకపోవడం రక్తపిశాచాల కంటే నమ్మశక్యం కాని సంగతి.

జేకబ్ గతి వేరు. బెల్లా కోసం నలిగిపోయిన ఈ తోడేలు కుర్రాడికి, పుట్టీ పుట్టని ఆమె కూతుర్ని చూడగానే జన్మబంధం పడిపోయిందట. నిన్నటి ప్రేయసి రేపటి అత్తగారు! మేనరికాలూ ఎదురు మేనరికాలూ అన్నీ చూసినవాళ్లం, మనకే ఈ వరస అంతుబట్టదు.

ఇక యుద్ధం. పాప పుట్టుక నేరమంటూ ఇటలీ నుంచి రక్తపిశాచాల పెద్దలు వోల్టురీలు వస్తున్నారని ఈజిప్టు, ఐర్లండ్, అమెజాన్ల నుంచి సాక్షుల్ని పోగేశారు. పేజీలకు పేజీలు పరిచయాలు, శిక్షణ. మనకు టెన్షన్. తీరా నల్ల అంగీల దండు మంచులో నడిచొచ్చాక ఇరుపక్షాలూ నిలబడి మాట్లాడుకున్నాయి. పాపం, పాప సంగతి వాళ్ల చెవిన వేసిన ఇరీనా ఒక్కతే బలి. భవిష్యత్తు చూడగల ఆడపడుచు ఆలిస్ ఒక సాక్షిని తెచ్చింది, వోల్టురీలు వెళ్లిపోయారు. మా ఊళ్లో గట్టు తగాదా కూడా ఇంత మర్యాదగా తెగదు.

2012లో సినిమావాళ్లు తలలు తెగే యుద్ధం చూపించారు. బెల్లా మామగారు కార్లైల్ తల తెగగానే నా గుండె ఆగినంత పనైంది. అంతలోనే అదంతా ఆలిస్ చూపిన భవిష్యత్తేనని తేల్చి అందర్నీ లేపి నిలబెట్టారు. హమ్మయ్య అనుకున్నాను, వెంటనే మళ్లీ కోపమొచ్చింది.

కాబట్టి నా డిమాండ్ ఒక్కటే: ముఖ్యుల్లో ఎవరో ఒకరు చావాల్సిందే. కార్లైల్ వద్దు. ఆలిస్ అసలే వద్దు. జాస్పర్ పోతే ఆలిస్ ఏమైపోవాలి? బెల్లా నాన్న చార్లీ జోలికెళ్తే ఊరుకోను, ఆడపిల్ల తండ్రి. మిగిలినవాళ్లలో ఎవరైనా ఫర్వాలేదు, ఎమ్మెట్ తప్ప.