పొడుల లెక్కలో మీ గంటలు కూడా వేయండి

'ఇంట్లో ఖాళీ సమయం ఉంటే చాలు, పొడులు అమ్ముకోవచ్చు' అని ఇంటి నుంచి చేసే వ్యాపారాల మీద వచ్చిన ఒక వ్యాసంలో రాశారు. బెంగళూరులో మారతహళ్లి వైపు మన కందిపొడికి గిరాకీ ఉన్నమాట నిజమే. కానీ ముందు లెక్క వేయండి. కిలోకి పప్పు, మిర్చి, గ్యాస్, కవర్లు, డెలివరీ కలిపి 350 రూపాయలు పడి, 500కి అమ్మితే మిగిలేది 150. వేయించడం, మిక్సీ పట్టడం, ప్యాకింగ్, ఫోన్లో ఆర్డర్లు కలిపి రెండు గంటలైతే గంటకు 75! ఒకేసారి ఐదు కిలోలు చేస్తేనే ఇది మారుతుంది. పూర్తిగా చల్లారకుండా ప్యాక్ చేస్తే లోపల చెమ్మ పట్టి పొడి ఉండలు కడుతుంది, బూజొస్తుంది. తొందరపడేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. ఇంటి వంటగదైనా ఆహార భద్రతను చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ తప్పదు. అద్దె ఇల్లయితే ఓనరుతో ముందే మాట్లాడండి, మిర్చి ఘాటు పక్క ఫ్లాటుకూ వెళ్తుంది. ఉద్యోగం మానకముందు మూడు నెలలు శని, ఆదివారాల్లో చేసి, చుట్టాలకు కాదు, కొత్తవాళ్లకు అమ్మండి. వాళ్లు రెండోసారి అడుగుతున్నారా అన్నది చూసుకోండి.