కందకు లేని దురద

మా ఇంట్లో మనీ ప్లాంట్‌కి ఒక చరిత్ర ఉంది. అది కొన్నది కాదు, అడిగి తెచ్చుకున్నది అసలే కాదు. మనీ ప్లాంట్ దొంగతనంగా తెస్తేనే డబ్బులు కలిసొస్తాయని మా ఆవిడ నమ్మకం. అందుకని రెండేళ్ళ క్రితం ఒక సాయంత్రం, మూడో అంతస్తు మాస్టారి గుమ్మం ముందున్న కుండీలోంచి జానెడు తీగ తుంచి, కొంగు చాటున పెట్టుకుని దిగింది. నేను మెట్ల దగ్గర కాపలా ఉన్నాను. డబ్బుల సంగతి అలా ఉంచితే, తీగ మాత్రం బాగా కలిసొచ్చింది. సీసాలో మొదలై, కిటికీ ఊచలు పట్టుకుని, కర్టెన్ రాడ్డు దాకా పాకింది.

పోయిన నెల మా అమ్మాయి పదో పుట్టినరోజుకి కుందేలు వచ్చింది. గోధుమరంగులో గుండ్రంగా ఉందని మా అమ్మ దానికి సున్నుండ అని పేరు పెట్టింది. వచ్చిన వారంలోనే సున్నుండ రెండు ఫోన్ చార్జర్లు, ఒక చీపురు, నా ఎడమకాలి చెప్పులో సగం కొరికేసింది. కుందేలు పళ్ళు బతికినన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయట. ఏదో ఒకటి నమిలి అరగదీసుకోవాలట. అందుకు ఆన్‌లైన్‌లో ఎండుగడ్డి తెప్పించాం. "గడ్డిని డబ్బులు పోసి కొన్నార్రా!" అని అమ్మ ముక్కున వేలేసుకుంది. ఆ రోజంతా ఊళ్ళో మా పెదనాన్న గడ్డివాము ఎన్ని లక్షలు చేస్తుందో లెక్కలు కట్టింది.

ఆదివారం సాయంత్రం ఆరింటికి మా అమ్మాయి కేక పెట్టింది. పరుగెత్తి వెళ్ళి చూస్తే కిటికీ కింద సున్నుండ. కిళ్ళీ నములుతున్న పెళ్ళిపెద్దలా తీరిగ్గా దవడ ఆడిస్తోంది. మూతి పక్కనుంచి ఆకు కొస వేలాడుతోంది. చుట్టూ ఆకు ముక్కలు.

"ఉప్పునీళ్ళు పట్టించరా, కక్కేస్తుంది" అంది అమ్మ. మా ఆవిడ మజ్జిగ అంది. నేను నాలుగు నంబర్లకు ఫోన్ చేశాను. ముగ్గురు కుక్కలు, పిల్లులైతేనే చూస్తామన్నారు. నాలుగో డాక్టరు దొరికాడు.

"ఉప్పునీళ్ళు పట్టించకండి. కుందేలు కక్కలేదు. దాని ఒంటికి ఆ ఏర్పాటే లేదు" అన్నాడు.

ఈ ముక్క విని అమ్మ కుందేలు వైపు జాలిగా చూసింది.

నోట్లో మిగిలిన ఆకు తీసేయమన్నాడు, తడిగుడ్డతో మూతి తుడవమన్నాడు. నీళ్ళు, ఎండుగడ్డి దగ్గర పెట్టమన్నాడు. "చొంగ కారుతోందా? పళ్ళు పటపట కొరుకుతోందా? మూలకి ముడుచుకు కూర్చుందా?" ఇవేవీ లేవు. నా మోకాలి మీదికెక్కి చొక్కా గుండీ రుచి చూస్తోంది. "ఎంత తింది?" అనడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు కోసం మేము నలుగురం నేల మీద పేపర్ పరిచి, ఆకు ముక్కలన్నీ ఏరి, సెల్లోటేపుతో అతికించాం. ఒక ఆకులో మూడో వంతు, ఇంకో ఆకులో ఒక కొస తక్కువ వచ్చాయి.

"మనీ ప్లాంటేనని ఖాయమేనా? గన్నేరో, లిల్లీయో అయితే ఇప్పుడే తీసుకురండి. మొక్కలు తెలిసినవాళ్ళెవరికైనా చూపించండి" అన్నాడు డాక్టరు.

నేను ఫోన్ పెట్టేసేలోపే మా అమ్మాయి అతికించిన ఆకు పట్టుకుని మూడో అంతస్తుకి పరుగెత్తింది. మాస్టారు రిటైరైన బోటనీ లెక్చరర్. మా ఆవిడా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

మాస్టారు భూతద్దంతో సహా దిగొచ్చారు. ఆకు చూశారు. తర్వాత తీగ వెంట చూపు నడిపించుకుంటూ సీసా, కిటికీ ఊచలు, కర్టెన్ రాడ్డు దాకా వెళ్ళారు.

"మనీ ప్లాంటే. సందేహం లేదు" అన్నారు. కాసేపాగి, "ఈ పసుపు చారలు... నా దగ్గర ఒకటుండేది, అచ్చం ఇలాగే" అన్నారు.

"కాఫీ పెడతాను మాస్టారూ" అని మా ఆవిడ వంటింట్లోకి మాయమైంది. కాఫీ రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది.

ఆ ఇరవై నిమిషాలూ మాస్టారు నాకు పాఠం చెప్పారు. ఈ తీగ మన దేశానిది కాదట, పసిఫిక్‌లో మూరియా అనే దీవిదట. ఇళ్ళల్లో పూత పూయదట. మన కంద, చేమ దీనికి చుట్టాలేనట. ఆకులో సూదుల్లాంటి స్ఫటికాలుంటాయి, అవి నోట్లో గుచ్చుకుంటాయి, అందుకే జంతువులు ఒకటి రెండు కొరుకుళ్ళతో వదిలేస్తాయి అన్నారు. అమ్మకి మిగతాదంతా ఎలా ఉన్నా ఇది మాత్రం ఠక్కున అర్థమైంది. "అంటే దురదాకు! చింతపండు వేసి ఉడకబెట్టకుండా తినేసిందన్నమాట."

అసలు టెన్షన్ డాక్టరు చివర్లో పెట్టిన మెలికతో మొదలైంది. కుందేలుకి పేగులు ఆగిపోవడం ప్రాణాల మీదికి వస్తుందట. పది పన్నెండు గంటలు మేత ముట్టకపోయినా, పెంటికలు వేయకపోయినా క్షణం ఆగకుండా తీసుకురమ్మన్నాడు. మామూలుగా రోజుకి రెండు మూడు వందలు వేస్తుంది కాబట్టి లెక్క చూసుకోమన్నాడు. రాత్రిపూట వేసే మెత్తనివి అదే తినేస్తుంది, అవి లెక్కలోకి రావన్నాడు.

మా అమ్మాయి లెక్కల నోటుబుక్కులో గీతలు గీసి సిద్ధంగా కూర్చుంది. ఎనిమిదైంది, లేదు. తొమ్మిదిన్నర, లేదు. మా ఆవిడ భయంతో తీగంతా పీకి కింద చెత్తబుట్టలో పడేసి వచ్చింది. ఆఫీసులో ఏడాదాఖరు జమాఖర్చులకి కూడా నేనింత దీక్షగా కూర్చోలేదు. పదకొండింటికి సున్నుండ కొత్తిమీర కట్ట ఖాళీ చేసి, కాళ్ళు చాపి, మా వైపు వింతగా చూస్తూ పడుకుంది.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకర్రా? నాలుగు రోజుల్నించి నాకు సరిగ్గా కావడం లేదంటే ఇంట్లో ఒక్కరైనా నోటుబుక్కు తీశారా?" అని అమ్మ లేచి వెళ్ళి పడుకుంది.

పన్నెండూ పదికి మొదటిది పడింది. మిరియపు గింజలా, నల్లగా, గుండ్రంగా. మేము ముగ్గురం చప్పట్లు కొట్టాం. ఆ తర్వాత వర్షమే.

పొద్దున్నే పాల ప్యాకెట్ల కోసం గుమ్మంలోకి వచ్చాను. మాస్టారు పైనుంచి మెట్ల మీదికి వంగి, "ఏమండీ, అయిందా?" అని అరిచారు.

"అయింది మాస్టారూ! నలభై మూడు!" అన్నాను పట్టరాని సంతోషంతో.

పాలబ్బాయి నన్ను ఎగాదిగా చూశాడు. ప్యాకెట్లు చేతికివ్వకుండా నేల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

నాలుగు రోజులకి కిటికీ బోసిగా ఉందని మా ఆవిడ దిగులు పడింది. ఈసారి సీలింగ్ హుక్కుకి వేలాడదీద్దాం, సున్నుండకి అందదంది. మొక్క ఎక్కడిది? చివరికి ధైర్యం చేసి ఇద్దరం మూడో అంతస్తుకి వెళ్ళి, పాత సంగతంతా ఒప్పుకున్నాం.

మాస్టారు కళ్ళజోడు సర్దుకున్నారు. "ఇస్తే కలిసిరాదంటారుగా? నేను అటు తిరిగి పేపరు చదువుకుంటుంటాను. మీ పని మీరు కానివ్వండమ్మా. ఈసారైనా కణుపుకి కింద తుంచండి. కిందటిసారి ఇష్టమొచ్చినట్టు లాగేసి, నా తీగని కుదుళ్ళతో కదిపేశారు."

ఆయన గోడ వైపు తిరిగి పేపరు విప్పారు. మా ఆవిడ కుండీ ముందు వంగింది. అలవాటు కొద్దీ నేను వెళ్ళి మెట్ల దగ్గర నిలబడ్డాను.