ఒక్క సంతకం, ఏడాది జైలు

ముందస్తు నిర్బంధ చట్టం (పీడీ యాక్ట్) కింద తెలంగాణ పోలీసులు ఇచ్చిన ఇంకో నిర్బంధ ఉత్తర్వును 2024 మార్చి 21 గురువారం సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇంకో అనడం ఊరికే కాదు. 2017లో కొట్టేసింది, 2021లో కొట్టేసింది, 2022లో కొట్టేసింది, 2023 సెప్టెంబరులో కొట్టేసింది. ఇప్పుడు మళ్లీ. ప్రతిసారీ దాదాపు అదే తప్పు, అవే చీవాట్లు. తీర్పు వచ్చిన రోజు ఎవరూ నోరెత్తరు. ఆ వేడి చల్లారాక ఇంకెవరి మీదో అదే కాగితం, అదే సంతకం. 2017 నుంచీ సుప్రీంకోర్టు చెబుతున్న మాట హైదరాబాద్ దాకా రాలేదంటే నమ్మలేం. వచ్చింది. విననక్కర్లేదని అనుకున్నారు.

ఈ కేసులో 2023 సెప్టెంబరులో రాచకొండ పోలీస్ కమిషనర్, దొంగతనం, దోపిడీ కేసులున్న ఒక వ్యక్తిని ‘గూండా’ అని ముద్ర వేసి నిర్బంధించారు. నవంబరులో హైకోర్టు కూడా సరే అంది. అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ చంద్రచూడ్ నేతృత్వంలోని ధర్మాసనం మాత్రం ఒప్పుకోలేదు. ఒకటికి రెండు కేసులున్నంత మాత్రాన ప్రజాజీవనం తలకిందులైనట్టు కాదంది. పోలీసులు నేరాల్ని అదుపు చేయలేకపోవడం ముందస్తు నిర్బంధానికి సాకు కాకూడదంది. నిర్బంధాల్ని పరిశీలించాల్సిన సలహా మండళ్లు రబ్బరు స్టాంపులు కాకూడదని హెచ్చరించింది. ఆ ఉత్తర్వు ఇచ్చినప్పుడున్న ప్రభుత్వం వేరు, దాన్ని ఢిల్లీలో సమర్థించుకున్న ప్రభుత్వం వేరు. అప్పటి ముఖ్యమంత్రి నివాసం ప్రగతి భవన్ ముందు ఇనుప కంచెలు తీయించి, ప్రజాపాలన వచ్చిందని చాటిన ప్రభుత్వమే పాత ప్రభుత్వపు ఉత్తర్వుకు వకాల్తా పుచ్చుకుంది. కంచెలు తీయడం తేలిక. చేతికందిన అధికారాన్ని వదులుకోవడం దగ్గరే అందరూ ఒకటైపోతున్నారు.

ముందస్తు నిర్బంధం అంటే ఏమిటో జైలు గేటు దగ్గర నిలబడి చూస్తే తెలుస్తుంది. ఇంటాయన మీద కేసు పెట్టారు. భార్య పుస్తెలు తాకట్టు పెట్టి వకీలు ఫీజు కట్టింది, జామీనుదారుల కాళ్లావేళ్లా పడింది. మొత్తానికి బెయిలు వచ్చింది. విడుదల కాగితాలు పట్టుకుని పొద్దున్నుంచీ గేటు ముందు కూర్చుంది. సాయంత్రం లోపలి నుంచి కబురొస్తుంది, పీడీ యాక్ట్ పెట్టారట అని. ఇక బెయిలు కాగితం చిత్తు కాగితమే. ఇప్పుడు ఆయన చేసిన నేరానికి కాదు, చేయబోతాడని ఒక అధికారికి అనిపించిన నేరానికి లోపల ఉండాలి. 12 రోజుల్లో ప్రభుత్వం ఆమోదముద్ర, తర్వాత సలహా మండలి, గరిష్ఠంగా ఏడాది. మండలి ముందు తన తరఫున మాట్లాడేందుకు లాయరును పెట్టుకునే హక్కు కూడా లేదు. విచారణ లేదు, సాక్షి లేడు, తీర్పు లేదు. సంతకం ఒక్కటే ఉంది.

ఇంత అధికారం ఎక్కడి నుంచి వచ్చిందంటే, రాజ్యాంగం నుంచే. 24 గంటల్లో మెజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని, నచ్చిన లాయరును పెట్టుకోవచ్చని చెప్పే 22వ అధికరణమే, ముందస్తు నిర్బంధంలో ఉన్నవాడికి ఆ రెండూ వర్తించవని కూడా చెబుతుంది. హక్కుల అధ్యాయంలోనే హక్కు లేకుండా చేసే వాక్యం ఉన్న రాజ్యాంగం మనది. అది అమల్లోకి వచ్చిన నెల రోజులకే కేంద్రం ముందస్తు నిర్బంధ చట్టం తెచ్చింది. మద్రాసు జైల్లో ఉన్న కమ్యూనిస్టు నాయకుడు ఏకే గోపాలన్ అదే ఏడాది సుప్రీంకోర్టుకు వెళ్లి ఓడిపోయారు.

ఎమర్జెన్సీలో ఈ వాక్యం ఎంత దూరం తీసుకెళ్లిందో పాఠకులకు కొత్తగా చెప్పక్కర్లేదు. 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టులో అయిదుగురు న్యాయమూర్తుల్లో నలుగురు, నిర్బంధంలో ఉన్నవాళ్లకు కోర్టు తలుపు తట్టే హక్కే లేదన్నారు. జస్టిస్ హెచ్ఆర్ ఖన్నా ఒక్కరే కాదన్నారు. ఆ తీర్పు తప్పని సుప్రీంకోర్టే ఒప్పుకోవడానికి 2017 ఆగస్టు దాకా పట్టింది.

అప్పటి పీడకల మళ్లీ రాకూడదనే 1978లో పార్లమెంటు 44వ రాజ్యాంగ సవరణ చేసింది. అత్యయిక పరిస్థితిలోనూ జీవించే హక్కు కోసం కోర్టుకెళ్లే దారి మూయకూడదన్న నిబంధన అందులోదే, అది అమల్లో ఉంది. అదే సవరణలో ఇంకో భాగం ఉంది. సలహా మండలి అభిప్రాయం లేకుండా నిర్బంధించగల గడువు మూడు నెలల నుంచి రెండు నెలలకు తగ్గాలి, మండలిలో ఎవరుండాలో హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సిఫార్సు చేయాలి అన్నది ఆ భాగం. పార్లమెంటు ఆమోదించింది, రాష్ట్రపతి సంతకం చేశారు. అమలు తేదీ ప్రకటించడం ఒక్కటే మిగిలింది. దశాబ్దాలు గడిచినా ఆ ఒక్క నోటిఫికేషన్ రాలేదు. జనతా, కాంగ్రెస్, నేషనల్ ఫ్రంట్, యునైటెడ్ ఫ్రంట్, ఎన్డీఏ, యూపీఏ, మళ్లీ ఎన్డీఏ... అందరూ ఢిల్లీలో కూర్చున్నారు. ఎమర్జెన్సీలో జైలుకెళ్లామని ఏటా చెప్పుకునేవాళ్లూ వీళ్లలో ఉన్నారు. ఒక్కరికీ ఈ కాగితం మీద తేదీ వేయడానికి చెయ్యి రాలేదు.

తెలంగాణ ఉత్తర్వులు ఎందుకు పదేపదే కొట్టుకుపోతున్నాయో కూడా చెప్పుకోవాలి. శాంతిభద్రతలు వేరు, ప్రజా క్రమం వేరు. మా పత్రికతో సహా తెలుగులో అందరం రెండింటికీ శాంతిభద్రతలనే రాసేస్తుంటాం, అది మా పొరపాటు. 1965లో రామ్ మనోహర్ లోహియా కేసులో జస్టిస్ హిదయతుల్లా ఈ తేడాను వలయాలతో చెప్పారు. పెద్ద వలయం శాంతిభద్రతలు, దాని లోపల ప్రజా క్రమం, దానికీ లోపల దేశ భద్రత. సందులో ఒకావిడ మెడలో గొలుసు తెంపుకుపోతే అది నేరం. ఆమెకు దెబ్బ, ఆ వీధికి భయం. దానికి శిక్షాస్మృతి ఉంది, కోర్టులున్నాయి. ఊరంతా తలుపులు వేసుకుని, జనజీవనం ఆగిపోయేంత పని జరిగితేనే ప్రజా క్రమం దెబ్బతిన్నట్టు. అప్పుడే పీడీ యాక్ట్. ఈ గీత 1965లోనే గీశారు. దాన్ని చదవకుండా కమిషనర్ కుర్చీ దాకా ఎవరూ రారు.

అయినా 2017లో మిరప విత్తనాల వ్యాపారిని గూండా అన్నారు. ఆ విత్తనం వేసిన రైతుకు దిగుబడి రాలేదు. రైతు గోస నిజం, నష్టపరిహారం ఇప్పించాల్సిందే, వ్యాపారిని బోనెక్కించాల్సిందే. కానీ మిరప కాత సరిగా రాలేదని ఒక మనిషిని గూండా అంటూ బెయిలు కూడా అడగనివ్వకుండా లోపల పెట్టడం అధికార దుర్వినియోగమని సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. దానికి రాష్ట్రం చేసిందేమిటి? మరుసటి ఏడాది చట్టాన్నే పొడిగించింది. 1986లో సారా వ్యాపారులు, బందిపోట్లు, మాదకద్రవ్యాలవాళ్లు, గూండాలు, వ్యభిచార కూపాలు నడిపేవాళ్లు, భూకబ్జాదారుల కోసం తెచ్చిన చట్టంలోకి విత్తనాలు, ఎరువులు, పురుగుమందులు, దొంగ పత్రాలు, పేకాట, అడవి, సైబర్ నేరాలు, ఆర్థిక నేరాలు అంటూ డజనుకు పైగా కొత్త రకాలు చేర్చింది. కోర్టు అతను గూండా కాదంటే, గూండా కాకపోయినా పట్టుకునేలా చట్టం రాసుకున్నారు. ఇవాళ పేకాట, రేపు ఇంకేదో. ఈ జాబితాకు అడ్డేముంది?

పోలీసుల వాదనా ఉంది. గొలుసు దొంగలు, గంజాయి ముఠాలు బెయిలు తెచ్చుకుని వారం తిరక్కుండా మళ్లీ అదే పని చేస్తున్నారంటారు, కొందరి విషయంలో అది నిజమే. కాకినాడ సారా వ్యాపారి కేసులో 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు నిర్బంధాన్ని సమర్థించిన మాటా నిజమే. కానీ బెయిలు ఇవ్వడం తప్పనిపిస్తే రద్దు చేయమని పై కోర్టుకు వెళ్లాలని 2021లోనే సుప్రీంకోర్టు తెలంగాణకు చెప్పింది. అది కష్టం. దర్యాప్తు చేయాలి, సాక్ష్యం తేవాలి, చార్జిషీటు గడువులోగా వేయాలి. పీడీ ఉత్తర్వుకు అవేవీ అక్కర్లేదు, అందుకే దాని మీద అంత మోజు.

32వ అధికరణం రాజ్యాంగానికి గుండె, ఆత్మ అని 1948 డిసెంబరు 9న అంబేడ్కర్ రాజ్యాంగ సభలో అన్నారు. హక్కు పోతే నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లే హక్కు అది. మనిషిని కోర్టు ముందు నిలబెట్టండని అడిగే హెబియస్ కార్పస్ ఆ గుండె చప్పుడు. కానీ ఆ పిటిషన్ తేలడానికి ఎంత కాలం పడుతోంది? ఉద్యోగాల పేరుతో మోసం చేశాడన్న కేసులో 2021 మేలో ఇచ్చిన ఉత్తర్వు 2022 ఏప్రిల్‌లో రద్దయింది. ఏడాది నిర్బంధానికి పదకొండో నెలలో న్యాయం! ఈ జాప్యంలో హైకోర్టుల వాటా కూడా ఉంది. గెలిచినవాడికి దక్కేది విడుదల కాగితం ఒక్కటే. పోయిన నెలల కూలీ ఎవరిస్తారు? ఫీజు కట్టలేక బడి మానేసిన పిల్లల చదువు ఎవరిస్తారు?

ఇవ్వొచ్చని కోర్టులే చెప్పాయి. నిర్దోషిగా తేలాక కూడా బిహార్ జైల్లో 14 ఏళ్లు మగ్గిన మనిషికి 1983లో సుప్రీంకోర్టు 32వ అధికరణం కిందే పరిహారం ఇప్పించింది. మరి చెల్లని పీడీ ఉత్తర్వు వల్ల నెలలు పోగొట్టుకున్నవాడికి ఎందుకు ఇప్పించకూడదు? ఆ సొమ్ములో కొంతైనా సంతకం పెట్టిన అధికారి జీతం నుంచి ఎందుకు పోకూడదు? తప్పుడు సంతకానికి పైసా ఖర్చు లేనంత కాలం ఆ పెన్ను ఆగదు.

2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు, దేశం అమృతోత్సవాలు చేసుకుంటుంటే తెలంగాణలో కొందరు పోలీసు అధికారులకు ప్రాథమిక హక్కులన్నవి గుర్తున్నట్టు లేవని బాధపడింది. ఆ ధోరణి ఎంత త్వరగా పోతే అంత మంచిదంది. ఆ తీర్పు వచ్చింది సెప్టెంబరు 4న. ఇప్పుడు రద్దయిన రాచకొండ ఉత్తర్వు తేదీ సెప్టెంబరు 12. ఎనిమిది రోజులు! అదే అధికారులు నవంబరు 26న రాజ్యాంగ దినోత్సవమని చెయ్యి చాచి పీఠిక చదువుతారు. అందులో స్వేచ్ఛ అన్న మాట దగ్గరకు వచ్చేసరికి వాళ్లకు ఏమీ అనిపించదా?

ముఖ్యమంత్రి దగ్గర హోం శాఖ కూడా ఉంది కాబట్టి నేరుగా ఆయన్నే అడుగుతున్నాం. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, గత అయిదేళ్లలో తాము అయిదుకు పైగా, ఒక్క ఏడాదిలోనే హైకోర్టు కనీసం పది ఉత్తర్వులు రద్దు చేశామని లెక్కచెప్పి, పెండింగులో ఉన్న నిర్బంధాలన్నీ న్యాయమైనవో కావో మళ్లీ చూసుకోమని ఈ రాష్ట్రాన్ని ఆదేశించింది. ఏళ్లు గడిచాయి. ఆ సమీక్ష చేశారా? చేస్తే ఎందరిని వదిలారు? ఈ రోజు పీడీ యాక్ట్ కింద జైళ్లలో ఎంతమంది ఉన్నారు, ఏ కేసుల్లో, ఎవరి సంతకంతో? జాబితా బయట పెట్టండి.