అల్సిండర్ రాకముందే రెండు టైటిళ్లు
అల్సిండర్ (తర్వాతి కరీమ్ అబ్దుల్ జబ్బార్), వాల్టన్ లాంటి పొడగరి ఆటగాళ్లు దొరికారు కాబట్టే అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో యూసీఎల్ఏ (లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం) కోచ్ జాన్ వుడెన్ పది జాతీయ టైటిళ్లు గెలిచారని మీ వ్యాసంలో రాయడం అన్యాయం. 1964లో యూసీఎల్ఏ తొలి టైటిల్ గెలిచినప్పుడు మొదటి అయిదుగురిలో ఆరడుగుల అయిదంగుళాలు మించినవారు ఒక్కరూ లేరు. అయినా ఆడిన 30 మ్యాచ్‌లూ గెలిచారు! ఎత్తులో ఉన్న లోటును ప్రత్యర్థులను కోర్టంతా వెంటాడి అడ్డుకునే ‘జోన్ ప్రెస్’ అనే రక్షణ వ్యూహంతో పూడ్చుకున్నారు. దానికోసం పట్టుబట్టిన సహాయక కోచ్ జెర్రీ నార్మన్‌కూ ఆ ఘనతలో వాటా ఉంది. 1965లోనూ వాళ్లదే గెలుపు. అల్సిండర్ ప్రధాన జట్టులోకి వచ్చింది ఆ తర్వాతే. పైగా 1948లో చేరిన వుడెన్‌కు ఆ తొలి టైటిల్ పదహారో సీజన్‌లో గానీ దక్కలేదు. అన్నేళ్లూ కుస్తీ, జిమ్నాస్టిక్స్ వాళ్లతో పంచుకునే పాత జిమ్‌లోనే సాధన. సాధనకు ముందు నేల తుడిచే పనికీ ఆయన వెనుకాడలేదు. మేజోళ్లు ముడతలు పడకుండా తొడుక్కోవడం, బూట్ల తాడు బిగించడం దగ్గర నుంచి నేర్పేవారు. చాదస్తం అనిపించవచ్చు గానీ, మడమ మీద బొబ్బలతో అంతర కళాశాలల పోటీల్లో బెంచీకే పరిమితమైన నాకు దాని విలువ బాగా తెలుసు. విమర్శించదలిస్తే, ఆటగాళ్లకు నిబంధనలకు విరుద్ధంగా అడ్డదారిలో సాయం చేసిన యూసీఎల్ఏ అభిమాని, వ్యాపారి సామ్ గిల్బర్ట్ విషయంలో వుడెన్ చూసీచూడనట్టు ఉన్నారా అని అడగాలి. ఆ వ్యవహారంపై కాలేజీ క్రీడలను నియంత్రించే సంస్థ ఎన్‌సీఏఏ చర్య తీసుకున్నది 1981లో, అంటే ఆయన తప్పుకున్న ఆరేళ్లకు. వ్యాసంలో దాని ఊసే లేదు.