స్లాబులో పండుకున్న దూలానికి

మహారాజశ్రీ కన్సీల్డ్ బీము గారికి,

నల్లగొండ నుంచి పాలమూరు దాకా కొత్త ఇళ్లల్ల తమరు ఉన్నారంటారు గానీ ఎక్కడా కనబడరు. దూలం కింద మంచం వేయొద్దని వాస్తు, సీలింగు చదునుగా రావాలని ఓనరు. ఇద్దరి మాటా నిలబెట్టి, తమర్ని మాత్రం ఐదంగుళాల స్లాబులో పండబెట్టిండ్రు.

తమరి వెడల్పు 18 అంగుళాలు, లోతు 5. అదే కాంక్రీటును 9 వెడల్పు, 10 లోతుగా నిలబెడితే వంగకుండా ఆగే బిగువు నాలుగింతలు. వెడల్పు రెట్టింపైతే బిగువు రెండింతలే, లోతు రెట్టింపైతే ఎనిమిదింతలు. మంచం పట్టెను కూడా వడ్రంగి నిలువుగానే బిగిస్తడు కదా!

ఆ ఐదులోనూ కవరు (రాడ్డును కప్పే కాంక్రీటు), రాడ్లను చుట్టే రింగు, సగం రాడ్డు పోతే పనికొచ్చే లోతు మూడున్నర లోపే. 15 అడుగుల హాలులో రెండు చివర్ల ఆనించిన దూలానికి కాంక్రీటు కట్టడాల కోడు ఐఎస్ 456 మొదటి లెక్కన కావాల్సిన ఆ లోతు పొడవులో ఇరవయ్యో వంతు, అంటే 9 అంగుళాలు.

"లోపల ఆరు 16 ఎమ్మెం రాడ్లేసినం, ఏం కాదు" అంటడు మేస్త్రీ. ఎం20 రకం కాంక్రీటులో తమరి ఒంటికి అరిగేది మూడు 12 ఎమ్మెం రాడ్లు, అదీ కష్టంగా. అంతకు మించితే ఇనుము సాగి హెచ్చరించకముందే పైన కాంక్రీటు నలుగుతది. పైగా బరువు బిగువున్న చోటికే పోతుంది. స్లాబంత మందమే ఉన్న తమర్ని స్లాబు లెక్కచేయదు, ఇద్దరూ కలిసే కుంగుతరు. తమరి మీద తొమ్మిదంగుళాల గోడ లేపితే కొన్నాళ్లకు గోడలో ఏటవాలు పగుళ్లు, తలుపు పట్టేయడం.

తమరి అన్న, 9 అంగుళాల వెడల్పు 15 లోతున్న మామూలు దూలం, స్లాబు కిందికి పదంగుళాలు దిగుతడు. 15 అడుగులకు అదనంగా తొమ్మిదిన్నర ఘనపుటడుగుల కాంక్రీటు, రెండు బస్తాల పైచిలుకు సిమెంటు. స్లాబుతో కలిపి ఒకేసారి పోస్తే టీ ఆకారం. నడిమధ్యన పైభాగంలో పడే నొక్కుడును కోడు లెక్కన ఐదారు అడుగుల వెడల్పు స్లాబు పంచుకుంటది. పిల్లర్ల దగ్గర లాగుడు పైకి మారుతుంది కాబట్టి అక్కడ స్లాబు సాయం ఉండదు, పైరాడ్లు ఆపాలె. దూలాన్ని మిద్దె మీదికి తిప్పినా నడిమధ్యన టీ దక్కదు, రింగులే స్లాబును మోయాలె.

దూలం కింది కట్టెలు, పొడవు ఆరు మీటర్ల లోపైతే, పద్నాలుగు రోజులకు తీయొచ్చంటది కోడు. తమరి కిందివి ఎప్పుడు తీయమంటరో తమరే సెలవియ్యాలె.

ఇట్లు,
ఇంకా తమర్ని మోస్తున్న కట్టె