ఉమ్మే పాత్రలో పూలు పెట్టినవాళ్ళకి

ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది, అందుకే ఇప్పుడే రాసేస్తున్నా. రేపటిదాకా ఆగితే మర్యాదగా రాస్తాను. అది నాకిష్టం లేదు.

ఊరికి దూరంగా చిన్న వైనరీ, అంటే వైన్ తయారుచేసే చోటు. ద్రాక్షతోట మధ్యలో రాతిగోడల ఇల్లు, లోపల పచ్చటి లైట్లు, పాత పీపాల మీద చెక్కలు వేసి టేబుళ్ళు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది, కాదనను. కౌంటర్ మీద పొట్టిగా, గుండ్రంగా, మూతి దగ్గర గరాటులా లోపలికి వాలిన స్టీలు పాత్ర ఒకటి. వైన్ రుచి చూపించే టేస్టింగ్ రూముల మొహం చూసినవాళ్ళెవరికైనా అది దేనికో తెలుసు. రుచి చూసిన వైన్ ఉమ్మడానికి, గ్లాసులో మిగిలింది పారబొయ్యడానికి. మరి అందులో ఏమున్నాయో తెలుసా? పూలు! ఎండుపూలు, చుట్టూ రిబ్బన్‌తో సహా.

"ఇందులో ఉమ్మొచ్చాండీ?" అని అడిగాను. వైన్ పోస్తున్న అమ్మాయి నన్ను చూసిన చూపు ఫొటో తీసి పెట్టాల్సింది. "అది డెకరేషన్ అండీ" అంది. కాసేపాగి, "బాత్రూమ్ అటుపక్క" అని చెయ్యి చూపించింది.

తిరుగు ప్రయాణంలో కారు నడపాల్సింది నేను. వరసగా అర డజను రకాలు పోస్తారు, ఒక్కోటీ 12 నుంచి 14 శాతం ఆల్కహాల్. కొంచెం కొంచెమే అయినా అన్నీ మింగి స్టీరింగ్ పట్టుకోవాలా? పోటీల్లో జడ్జీలు ఒక్కరోజులో డజన్లకొద్దీ రుచి చూస్తారు. నోట్లో అటూ ఇటూ తిప్పి, కాస్త గాలి పీల్చి, ఉమ్మేస్తారు. మింగుతూ పోతే మధ్యాహ్నానికి టేబుల్ కింద దొరుకుతారు. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు, ఆ పని చేసే పద్ధతే అది.

చివరికి కాగితం కప్పు ఒకటి ఇచ్చారు, దానం చేసినట్టు. అందులో ఉమ్మాను. పక్క టేబుల్ దగ్గరున్న పెద్దమనిషి కిసుక్కున నవ్వి, "నచ్చకపోతే మాకిచ్చెయ్యాల్సింది, వేస్ట్ చేశారు" అన్నాడు. ఆయన గ్యాంగ్ అంతా నవ్వింది. ఆ అమ్మాయి కూడా.

పేరేమో టేస్టింగ్ రూమ్. కానీ మనం రుచి చూడటం వాళ్ళకి అక్కర్లేదు, కాస్త మత్తెక్కడం కావాలి. రెండు గ్లాసులు లోపలికి పోయాక చెయ్యి పర్సులోకి దానంతటదే వెళ్తుంది కదా మరి. ఉమ్మేసేవాడు నిదానంగా ఆలోచిస్తాడు, లేబుల్ వెనక్కి తిప్పి చదువుతాడు, ప్రశ్నలు వేస్తాడు. అలాంటి కస్టమర్‌తో ఎవరికి లాభం?

పోసిన వరస చూస్తే ఇంకా మండింది. ముందు తియ్యటి వైన్ పోసింది! నోరంతా తీపి అయ్యాక తీపి లేని తెల్ల వైన్ పోసింది. ఇంకేముంది, నిమ్మకాయ కొరికినట్టుంది. నా మొహం చూసి, "దీనికి పులుపెక్కువండీ, అందరికీ పడదు" అని సానుభూతి చూపించింది. పడకపోవడం నా నోటి తప్పా తల్లీ? తేలికవి ముందు, బరువైనవి తర్వాత, తీపివి ఆఖర్న. ఇది రహస్యమేమీ కాదే.

తర్వాత ఎర్ర వైన్ వంతు. గ్లాసు గుండ్రంగా తిప్పి, లోపలి అంచుల మీదుగా జారే ధారలు చూపించి, "ఇవి ఎంత చిక్కగా దిగితే వైన్ అంత గొప్పది" అంది. పక్క టేబుల్ వాళ్ళు "ఓహో" అంటూ వీడియోలు తీసుకున్నారు. అది గొప్పతనం కాదు, ఆల్కహాల్. అంచు మీద పల్చటి పొరలో ఆల్కహాల్ నీటికన్నా ముందే ఆవిరవుతుంది, అక్కడ తలతన్యత, అంటే ద్రవం పైపొరని బిగబట్టే గుణం, పెరిగి కింది వైన్‌ను పైకి లాగుతుంది, పైన పోగయ్యాక బరువుకి ధారగా జారుతుంది. 1855లోనే జేమ్స్ థామ్సన్ అనే ఆయన చెప్పేశాడు. ఆల్కహాల్ ఎక్కువున్న నాసిరకం వైన్‌కి కూడా ధారలు బ్రహ్మాండంగా కారతాయి.

ఇక వర్ణనలు! తోలు వాసనట, తడిరాయి వాసనట, అడవిపళ్ళట. 2001లో ఫ్రాన్స్‌లోని బోర్డోలో వైన్ చదువు చదివే 54 మంది విద్యార్థులకి తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్రరంగు కలిపి ఇస్తే, ఎర్ర వైన్‌కి వాడే మాటలతోనే వర్ణించారు. చదువుకునేవాళ్ళ గతే అది. ఈ అమ్మాయేమో ఏదో కార్డు మీద ఉన్నది చదువుతూ, నాకు తోలు వాసన రాలేదంటే జాలిపడుతుంది.

అసలు చూడాల్సింది ఆ గదిలో లేనే లేదు. వెనక తలుపు ఓరగా తెరిచి ఉంటే తొంగిచూశాను. పెద్ద తొట్టిలో ఎర్రద్రాక్ష పులుస్తోంది. ఒక పెద్దాయన పొడుగాటి కర్రతో, పైకి తేలి మందంగా పేరుకున్న తొక్కల్ని కిందికి నొక్కుతున్నాడు. నొక్కిన చోట ఊదారంగు నురగ బుసబుసా పైకొస్తోంది. ఎర్రద్రాక్షైనా చాలా రకాల్లో రసానికి రంగుండదు, ఆ రంగూ వగరూ తొక్కల్లోంచి దిగాలి. పులిసేటప్పుడు పుట్టే కార్బన్ డయాక్సైడ్ తొక్కల్ని పైకి తోస్తుంది. రోజుకి రెండు మూడుసార్లయినా వాటిని ముంచకపోతే పైపొర ఎండిపోయి వెనిగర్ వాసన పట్టేస్తుంది. ఎంత బాగుందో ఆ దృశ్యం! ఆయన్ని ఒక్క మాట అడుగుదామనుకునేలోపు, "అటు పర్మిషన్ లేదండీ, ఫొటోలకి ఉయ్యాల ఇటుంది" అని పిలుపు. ఉయ్యాలట!

ఇంత చెప్పాను గానీ, ఆ పెద్దమనిషి నవ్వుకి నాకు గుర్తొచ్చింది మా బావ. సీసా ఖాళీ చెయ్యగలిగినవాడే వైన్ తెలిసినవాడు అనుకునే జాతి ఇద్దరిదీ. మా బావ ఎవరో ఇచ్చిన ఎర్ర వైన్ సీసాని ఫ్రిజ్ మీద నిలబెట్టి ఏళ్ళ తరబడి దాచాడు. "పాతబడేకొద్దీ అమృతమే" అని వచ్చినవాళ్ళందరికీ చూపించడం. మార్కెట్లో దొరికే వైన్లలో ఎక్కువ శాతం కొన్నేళ్ళలోపే తాగెయ్యాల్సినవి. పైగా ఫ్రిజ్ వేడి, ట్యూబ్‌లైట్ వెలుతురు, నిలబెట్టడంతో ఎండిపోయిన కార్క్. ఓ పండగపూట అది తెరిచి, వద్దు మొర్రో అంటున్నా "ఒక్క గుక్కేగా, మాకోసం తాగలేవా" అని అందరిముందూ గ్లాసు చేతిలో పెట్టాడు. వెనిగరే. సింక్‌లో ఉమ్మేశాను. మిగతావాళ్ళు కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా "బ్రహ్మాండం" అంటూ మింగారు.

అప్పట్నుంచి ఎక్కడ కలిసినా, "దీని చేతికి గ్లాసివ్వకండి, ఉమ్మేస్తుంది" అని జోకు. నా పెళ్ళిచూపుల్లో కూడా వేశాడు ఆ జోకు.

అక్కా, నువ్వు ఈ పోస్ట్ చదువుతావని తెలుసు. బావకి చూపించొద్దని అననులే. చూపించు. ఫ్రిజ్ మీద ఇంకో సీసా ఉందిగా, అదీ ఆయన్నే తాగమను.