ఫైవ్ ఇన్ వన్ కొనకండి బాబూ

నెలకి ఇద్దరు ముగ్గురైనా ఇన్‌బాక్సులో ఇదే అడుగుతున్నారు: "అన్నా, కారు షెడ్డులో చిన్న వడ్రంగి షాపు పెట్టుకుంటున్నా, ఫైవ్ ఇన్ వన్ మిషన్ తీసుకోనా?" విడివిడిగా రాసీ రాసీ విసుగొచ్చింది. ఇక్కడే కక్కేస్తున్నా.

వద్దు. మన దగ్గర చవగ్గా దొరికే ఆ రకమైతే అసలే వద్దు. నేను కొన్నాను, రెండేళ్లు వాడాను, నష్టానికి అమ్మాను.

ఆ మిషన్ కథ ఇదీ: చిత్రిక, రంపం, డ్రిల్ లాంటి అయిదు పనులూ ఒక్కదానితోనే. మధ్యలో చిత్రిక పట్టే బ్లేడ్ల బ్లాకు (తెలంగాణ మిత్రులూ, మీ రందా). అదే షాఫ్టుకి ఒక చివర రంపం బిళ్ల, ఇంకో చివర డ్రిల్ బిట్టుని పట్టుకునే చక్. కింద ఒక్కటే మోటారు. అంటే మీరు పలక చిత్రిక పడుతున్నంతసేపూ, నడుం ఎత్తులో, రంపం పనీపాటా లేకుండా గిర్రున తిరుగుతూనే ఉంటుంది. బిళ్ల విప్పి పెట్టుకోవచ్చుగా అంటారు. విప్పండి. పది నిమిషాలకి ఓ ముక్క కొయ్యాల్సొస్తుంది, మళ్లీ బిగించండి. మూడో రోజుకి ఎవడూ విప్పడు. నేనూ విప్పలేదు.

డ్రిల్ సంగతి ఇంకా అన్యాయం. చెక్క నున్నగా రావాలంటే బ్లాకు నిమిషానికి నాలుగైదు వేల చుట్లు తిరగాలి. అదే వేగంతో లావుపాటి బిట్టుని టేకులోకి తోస్తే బెజ్జం కన్నా ముందు పొగ వస్తుంది.

మిషన్ దిగిన రోజు మా వీధి ఆచారి గారు వచ్చి చుట్టూ తిరిగి చూశారు. "రంపం వెనక రేకేది బాబూ?" అన్నారు. రైవింగ్ నైఫ్. కోసిన గాడిలో నిలబడి, చెక్క మళ్లీ మూసుకుని బిళ్లని పట్టెయ్యకుండా ఆపే రేకు. అది లేకపోతే పలక వెనక్కి, మన మీదికే తన్నుతుంది. ఫోన్ చేసి అడిగితే "అవన్నీ ఫారిన్ మిషన్లకేనండీ" అన్నాడు అమ్మినాయన. పొట్ట మాత్రం మనకీ ఉంది కదండీ!

నిజమే, ఫారిన్‌వి వేరే లోకం. ఆస్ట్రియా వాళ్ల ఫెల్డర్, హ్యామర్ లాంటి వాటిలో రంపానికీ చిత్రికకీ వేర్వేరు మోటార్లు, ఒకటి తిరుగుతుంటే రెండోది పడుకుంటుంది. ఆ డబ్బుకి నేనైతే కారు కొంటాను. అమెరికాలో గరాజ్ ఉన్న తమ్ముళ్లు షాప్‌స్మిత్ గురించీ అడుగుతారు. 1940ల నాటి ఊహ అది: ఒకే తలకాయ రంపమూ, లేతూ, డ్రిల్లూ అవుతుంది. బుర్రే. కానీ ఏటవాలుగా కొయ్యాలంటే బిళ్ల వంగదు, బల్ల వంగుతుంది. పెద్ద పలకతో ఆ వాలు మీద కుస్తీ మీ ఇష్టం.

కలపదగ్గ జంట ఒకటే ఉంది: సర్ఫేస్ ప్లేనర్, థిక్‌నెస్ ప్లేనర్. రెంటికీ అవే బ్లేడ్లు. పైన ఒక ముఖం చదును చేస్తారు, బల్ల లేపి, కింద నుంచి పంపి మందం తీస్తారు. పని వరసే అది. థిక్‌నెస్ ప్లేనర్ ఒక్కటే కొని వంకర పోతుందనుకునేవాళ్లకి చెప్పేది: రోలర్లు పలకని అదిమి పంపుతాయి, బయటికి రాగానే అది మళ్లీ వంగుతుంది. సన్నబడిన వంకర పలక మిగులుతుంది, అంతే. బల్ల పొడవు కూడా చూడండి. దానికి రెట్టింపు పొడవున్న పలక దాకా నమ్మకంగా చదునవుతుంది. రంపం విడిగా కొనుక్కోండి, రేకున్నది. పాత ఇళ్ల దూలాలు చిత్రిక పట్టేవాళ్లు ముందు అయస్కాంతం తిప్పండి. ఒక్క మేకు తగిలితే మూడు బ్లేడ్లూ పోతాయి, నావి పోయాయి.

కరెంటు. కొట్లో త్రీ ఫేజ్ మీద తిప్పి చూపించారు, ఇంటికొచ్చింది సింగిల్ ఫేజ్ మోటారు. మూడు హార్స్‌పవర్ అంటే 2.2 కిలోవాట్ల పైమాటే, స్టార్టయ్యే క్షణంలో దానికి ఎన్నో రెట్లు లాగుతుంది. స్విచ్ నొక్కడం, ఎమ్‌సీబీ పడటం, లోపల సీరియల్ ఆగిపోయి మా అత్తగారు బయటికి రావడం. ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, తర్వాతే మిషన్‌ని.

ఇక "స్థలం కలిసొస్తుంది" అనే మాట. మిషన్ ఎంత మేర నిలబడుతుందన్నది చిన్న లెక్క. ఎనిమిది అడుగుల పలక నిలువునా కొయ్యాలంటే బిళ్లకి ముందు ఎనిమిది, వెనక ఎనిమిది ఖాళీ కావాలి, అది వన్ ఇన్ వన్ అయినా ఫైవ్ ఇన్ వన్ అయినా. చక్రాలేసిన రెండు చిన్న మిషన్లు వంతులవారీగా అదే ఖాళీని వాడుకుంటాయి. అడ్వాన్సు ఇవ్వకముందే షెడ్డు నేల మీద సుద్దముక్కతో మిషన్ గీసి, పొడుగు పలక పట్టుకుని ఆ గీత మీదుగా నడవండి. నేను కొన్నాక నడిచాను. మూడో అడుగుకే స్కూటర్ అద్దం పగిలింది.